చెయ్యి చూసి రాయి కట్టే మనిషి

ఉంగరం కోయించుకుందామని వనపర్తి పోయాను. నాకు ఏడో నెల. వేళ్లు వాచి, ఎడమచేతి ఉంగరపు వేలు నడుమ దారం బిగించి కట్టినట్టయింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సమ్మ నా చెయ్యి పట్టుకొని చూసి, "రేపటికల్ల ఇది తీపియ్యమ్మా. ఇంకా వాస్తే వేలుకే పరేషాన్" అంది. బజార్లో ఏ బంగారు దుకాణంలోకి పోయినా క్షణంలో కోసిచ్చేవాళ్లు. నాకు మనసొప్పలేదు. చేసిన మనిషి ఉండగా దాని మీద ఇంకొకరి రంపం పడటమేమిటి అనుకొని, దవాఖాన నుంచే నేరుగా బస్టాండుకు వచ్చి బస్సెక్కాను.

దుకాణం తలుపు ఒక రెక్కే తీసి ఉంది. తల వంచి లోపల అడుగుపెట్టాను. ఆయన కూర్చునే చోట ఆయన లేడు. కుంపటి గోడవారకు జరిపి ఉంది. దాని పైన గోడకు కొత్త ఫొటో, ఫొటోకు దండ. ముందు ఎవరో అనుకున్నాను. అందులో మనిషి సూటిగా నా కళ్లలోకి చూస్తున్నాడు. బతికుండగా ఆయన ఎవరి ముఖంలోకీ చూడటం నేనెరగను. అందుకే పోల్చుకోవడానికి అంతసేపు పట్టింది.

"యాభై దినాలైతుంది బిడ్డా" అంది, లోపలి గది గడప మీద కూర్చున్న ఆయన భార్య.

అక్కడే నేల మీద కూలబడ్డాను. ఆమె గబగబా వచ్చి నా రెక్క పట్టుకుంది. "అయ్యో, నిండు మనిషివి, గట్ల పడొద్దు" అంటూ చాప మీదకు జరిపింది. ఓదార్చాల్సింది నేను. ఓదార్పు దొరికింది నాకు. కిందటేడు ఇదే చాప మీద కూర్చొని ఆయనతో మాట్లాడాను. "మల్ల వచ్చే ఏడు రా, రాయి కదులుతుందేమో చూస్త" అన్నాడు. ఆయన చెప్పినట్టు నేను వచ్చాను, అంతే.

ఆయన పేరు నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బంగారం పని చేసేవాళ్లను మా వైపు అవుసలోళ్లు అంటాం. "వనపర్తి అవుసలాయన" అంటే మా ఊళ్లో అందరికీ ఆయనే. మా అక్క పుస్తెలు, మా పిన్ని కమ్మలు ఆయన చేతివే. వనపర్తిలో పెద్ద దుకాణాలకు కొదవ లేదు. అద్దాల తలుపులు, చల్లటి గాలి, కూర్చోగానే చేతికిచ్చే చల్లటి డ్రింకు. ఈయన దుకాణం ఒక సందులో, గాజుల దుకాణానికీ దర్జీ కొట్టుకూ మధ్య ఇరుక్కొని ఉంటుంది. బోర్డు లేదు. లోపల ఒక చాప, ఒక కుంపటి, పనిముట్లు పెట్టుకునే చెక్కపీట, లోపలి గదికి అడ్డంగా పాత చీరతో కుట్టిన తెర.

లోపలికి వచ్చినవాళ్ల ముఖం వైపు ఆయన చూసేవాడు కాదు. "చెయ్యియ్యి" అనేవాడు. చెయ్యి తీసుకొని ముందు అరచెయ్యి, తర్వాత వేళ్ల కణుపులు, ఆఖరున గోళ్లు చూసేవాడు. పోయినేడు వచ్చిన మనిషి ఈ ఏడు వస్తే ముఖం గుర్తుండేది కాదు, చెయ్యి చూడగానే, "నువ్వు మిరపకాయల యాపారం చేసేటోని బిడ్డవు గదా" అనేవాడు. చెయ్యి చూడటం అయ్యాక ఒకటే ప్రశ్న: "ఏం పని చేస్తవు?" టీచరు, ఆఫీసరు అని చెబితే ఒప్పుకునేవాడు కాదు. "నౌకరి పేరు ఒద్దు. దినాం నీ చేతులు ఏం చేస్తయో చెప్పు."

బట్టలు ఉతికే చేతులకు ఒక రకం, బోర్డు మీద రాసే చేతులకు ఒక రకం, పసిపిల్లను ఎత్తుకునే చేతులకు ఇంకో రకం ఉంగరం చేసేవాడు. పసిపిల్ల తల్లి అయితే రాయే పెట్టేవాడు కాదు. "పాలు తాగే పిల్ల బుగ్గకు గీసుకపోతది. పిల్ల నడిచినంక రా, అప్పుడు రాయి కడ్త" అని పంపేసేవాడట. సగం మంది కోపగించుకొని వేరే దుకాణానికి పోయేవారు. ఆయన పిలిచేవాడు కాదు.

ఇంకొకటుంది. ఉంగరం తయారయ్యాక దాన్ని తన వేలి కొసకు తొడుక్కొని, పక్కనే పెట్టుకున్న గోనెసంచిలో చెయ్యి పెట్టి గుంజేవాడు. తర్వాత పాత ఉన్ని టోపీలో. తర్వాత తెర చీర అంచు మీద. ఎక్కడైనా ఒక్క పోగు చిక్కుకుంటే మళ్లీ ఆకురాయి తీసి రుద్దడం మొదలుపెట్టేవాడు. ఏ పోగూ అంటుకోకపోతే అప్పుడు, "పట్టదు" అనేవాడు. వస్తువు బాగుందనీ, మెరుస్తోందనీ ఆయన నోట వినలేదు. ఆయన మెచ్చుకోలు ఆ ఒక్క మాటే.

నా నిశ్చితార్థం కుదిరింది ఆరేళ్ల కింద. మా ఆయన గద్వాలలో కరెంటు లైన్‌మన్. నేనప్పటికే మన్ననూరులో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ని. గద్వాల నుంచి మా అత్తమ్మ తన ముక్కుపుడకలోని రవ్వ తీసి, దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టుకొని తెచ్చింది. వాళ్లమ్మ పెళ్లిలో పెట్టిన రవ్వ అది. కోడలి ఉంగరంలో వేయాలని ఆమె కోరిక. ఆమెనూ మా ఆయననూ నేనే ఈ సందులోకి తీసుకొచ్చాను. ఉంగరం ఎలా ఉండాలో నాకు ముందే తెలుసు. ఫోన్లో బొమ్మ దాచుకున్నాను. నాలుగు సన్నని బంగారు గోళ్లు రాయిని పైకెత్తి పట్టుకుంటాయి. కింది నుంచి కూడా వెలుతురు దూరి, రాయి చేతి మీద దీపం పెట్టినట్టు ఉంటుంది.

"చెయ్యియ్యి" అన్నాడు. ఇచ్చాను. అరచేతిలో కాయలు, మణికట్టు మీద ముళ్ల గీతలు చూశాడు. "ఏం పని బిడ్డా?"

"ఫారెస్టుల బీట్ ఆఫీసర్‌ను, పెద్దయ్యా. మన్ననూరుల."

"చేతులు ఏం చేస్తయి?"

నవ్వొచ్చింది. చెప్పాను. నడుస్తున్న జీపు పట్టుకొని ఎక్కుతా. ముళ్లకంప పక్కకు తోస్తా. చెట్లకు కెమెరాలు కడతా. అడవి పందుల కోసం పెట్టిన తీగె ఉచ్చులు పీకుతా. తీగె అనగానే ఆయన నా చెయ్యి వదిలేశాడు.

ఫోన్లో బొమ్మ చూపించాను. కంటికి భూతద్దం పెట్టుకొని మరీ చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. ఫోన్ తిరిగిచ్చాడు. "గని నేను చెయ్య."

"చెయ్య అంటే ఏంది?" అంది అత్తమ్మ.

"ఈ కట్టు చెయ్య తల్లీ. రాయిని లోపలికి దించి, చుట్టూ బంగారపు అంచు మలిచి ఇస్త. వేలు మీద చెయ్యి పెట్టి రాస్తే రాయి ఉన్నట్టే తెల్వదు."

"తెల్వకుంటె ఎందుకు మల్ల? గద్వాలల పదిమంది సుట్టాలొస్తరు. మా అమ్మ రవ్వ కండ్లకు కనపడొద్దా?"

"కనపడ్తది. గని చెయ్యికి ముందుగాల రాయి పోవద్దు. చెయ్యెనక రావాలె."

తాను చేసి పెట్టిన అలాంటి ఉంగరం ఒకటి చూపించాడు. నిజం చెబుతున్నాను, నాకది సీసా మూతలా కనిపించింది. ఆ మాటే అన్నాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. మా ఆయన చెయ్యి అడిగాడు. లైన్‌మన్ అని తెలిసి, "నీకైతే ఉంగరమే ఒద్దు నాయినా. కరెంటు తీగెలు పట్టేటోని వేలుకు బంగారం ఎందుకు? నిశ్చితార్థం నాడు పెట్టుకో, పొద్దుమూకేసరికి తీసి ఆమె చేతికియ్యి. మాటిస్తే చేస్త" అన్నాడు. మా ఆయన మెత్తటి మనిషి. "సరే పెద్దయ్యా" అన్నాడు వెంటనే. అది చూసి నాకు ఇంకా మండింది.

"నేను అడవిల పనిచేస్తే నాకు మంచి ఉంగరం పెట్టుకునే రాత లేదా? ఆఫీసుల కూసునేటోళ్లకైతే చేస్తుంటివి. చేతులకు కాయలు ఉన్నయని గదా?"

ఆయన తల దించుకున్నాడు. "గట్లనలే బిడ్డా" అన్నాడు, చాలా చిన్నగా. నేను లేచి నిలబడ్డాను. అత్తమ్మ అగ్గిపెట్టె మూసింది.

అప్పుడు తెర కదిలింది. లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. అంతకుముందు రెండు మూడుసార్లు ఆ దుకాణానికి వచ్చాను గానీ ఆమెను సరిగా చూసింది లేదు. ఎప్పుడూ ఎడమ చేతికి కొంగు చుట్టుకొని ఉండేది. మా ముందు చాప మీద కూర్చొని, కొంగు విప్పి, ఎడమ చెయ్యి చెక్కపీట మీద పెట్టింది.

నడిమి వేలుకూ చిటికెన వేలుకూ మధ్య ఏమీ లేదు. మొదలంటా నున్నగా ఉంది, అక్కడ ఎన్నడూ వేలు మొలవనట్టు.

"నిశ్చితార్థమైన తొమ్మిదో దినం" అంది. "పల్లికాయ పీకనీకి పోయి లారీల వస్తున్నం, పది పన్నెండు మంది ఆడోళ్లం. ఉంగరం అందరికీ కనపడాలెనని పనికి గూడ పెట్టుకపోయిన. కొత్తకోట కాడ లారీ ఆగింది. ఎనక చెక్క మీద చెయ్యేసి దునికిన. తాడు కట్టే కొక్కెం ఉంటది సూడు, దానికి రాయి తట్టుకుంది. నేను కిందున్న. వేలు పైనుంది, లారీకి."

నా చెయ్యి నాకు తెలియకుండానే వీపు వెనక్కి పోయింది. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ ఉంగరం నేను చేసిందే" అన్నాడు ఆయన, కుంపటి వైపు చూస్తూ. "గద్వాలల మా నాయిన దుకాణం. పెండ్లికొడుకు తరఫోళ్లు వచ్చి చేపిచ్చుకపోయిరి. నాకప్పుడు ఇర్వై నాలుగేండ్లు."

అత్తమ్మ అడిగింది. "మల్ల ఆ పెండ్లికొడుకు?"

"రాలే" అంది ఆమె. "వేలు లేని పిల్ల ఒద్దన్నరు."

"మరి?"

"నేనొచ్చిన" అన్నాడు ఆయన.

ఆ మాట వినగానే ఆమె పీట మీది చెయ్యి వెనక్కి తీసుకొని, కొంగు చుట్టుకొని, మమ్మల్ని చూడకుండా గబగబా లోపలికి వెళ్లిపోయింది. సిగ్గు అనుకున్నాను అప్పుడు. అత్తమ్మ అగ్గిపెట్టె మళ్లీ తెరిచి పీట మీద పెట్టి, "నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి నాయినా" అంది.

గద్వాలకు తిరిగిపోయే బస్సులో అత్తమ్మ ఒక్కమాటే అందట మా ఆయనతో. వేరే కులం పిల్లను, అందులో వేలు పోయినదాన్ని చేసుకుంటే, ఆ తండ్రి ఆయన్ని ఇంట్ల ఉండనిచ్చి ఉండడు, అందుకే వనపర్తికొచ్చి ఈ సందులో పడ్డాడు అని. నిజమే. తర్వాత అక్కా వాళ్లు కూడా అదే చెప్పారు. ఆయన గద్వాల మళ్లీ పోలేదు. తండ్రి పోయిన రోజు కూడా ఊరి బయట దాకా పోయి తిరిగొచ్చాడని విన్నాను.

ఆయన చేసిన ఉంగరమే పెట్టుకున్నాను. రాయి చర్మంలోంచి మొలిచినట్టు ఉంటుంది. గద్వాలలో చుట్టాలు దగ్గరికి వచ్చి మరీ చూశారు. పెళ్లయిన రెండో ఏడు వానల్లో జీపు వెనక తలుపు పట్టుకొని ఎక్కబోతూ జారాను. చెయ్యి మొత్తం గొళ్లెం మీదుగా రాసుకుంటూ కిందికొచ్చింది. మోచేయి చీరుకుపోయింది, అరచెయ్యి తోలు లేచింది. వేళ్లు ఐదూ ఉన్నాయి. ఉంగరం మీద సన్నటి గీత ఒకటి పడింది.

ఆ ఏడు చూపించడానికి పోయినప్పుడు సంబరంగా చెప్పాను. "నీ పుణ్యాన వేలు మిగిలింది పెద్దయ్యా" అన్నాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆ గీత మీద బొటనవేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. వేళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకుతో పనిముట్టు పట్టలేక, "ఇయ్యాల పని చెయ్య బిడ్డా, పో" అని తలుపు మూసేశాడు. మిట్టమధ్యాహ్నం. బయట గాజుల దుకాణం ఆమె, "ఏమైందమ్మా ఆయనకు?" అని నన్ను అడిగింది. నాకేం తెలుసు?

ఇదంతా ఆ చాప మీద కూర్చొని ఒక్కసారిగా తలుచుకున్నాను. ఆమె నా చెయ్యి తీసుకొని వేలు చూసింది. అచ్చం ఆయనలాగే, ముందు అరచెయ్యి తిప్పి.

"కొయ్యొద్దు. నేను తీస్త" అంది.

లోపలికి పోయి సన్నటి పట్టుదారం, సబ్బునీళ్లు తెచ్చింది. దారం కొసను ఉంగరం కింది నుంచి దూర్చి, పైన వేలుకు గోరు దాకా దగ్గరదగ్గరగా చుట్టడం మొదలుపెట్టింది. చుడుతుంటే వాపు అణిగి వేలు సన్నబడింది. నొప్పికి పళ్లు బిగబట్టాను. తొమ్మిది వేళ్లతో ఆమె ఆ పని ఎంత తీరుగా చేసిందో చెప్పలేను.

"ఎట్లయింది పెద్దమ్మా?" అని అడిగాను.

"ఈడనే కూసోని పనిచేస్తుండె. చాతిల నొస్తుందన్నడు. పెద్ద దవాఖానకు తీస్కపోతే ఐదు దినాలు ఉన్నడు." దారం ఇంకో చుట్టు చుట్టింది. "మూడో దినం నేను ఒక మాట చెప్పిన ఆయనకు. చెప్పకుంట పంపొద్దనిపిచ్చింది. నీకు గూడ చెప్త. ఆ దినం నా చెయ్యి చూసి నువ్వు కోపం ఇడిచిపెట్టి ఉంగరం చేపిచ్చుకుంటివి. నీకు నిజం తెల్వాలె."

నాకు అర్థం కాలేదు.

"నా వేలు తీసిన ఆ ఉంగరం ఆయన చేసింది కాదు బిడ్డా."

"ఏంది?"

"ఆయన చేసిందే, గని రాయి అట్ల కట్టింది ఆయన కాదు. ఆయన కిందికే కట్టిండు, నీ ఉంగరం లెక్క. మా ఊర్ల నా సోపతి పిల్ల చూసి నవ్వింది. 'రాయి యాడుందే, దీపం పెట్టి దేవులాడాలెనా' అన్నది. నాకు రోషమొచ్చింది. ఇంట్ల ఎవ్వలకు చెప్పకుంట ఇంకో అవుసలాయన కాడికి తీస్కపోయి, రాయి మీదికి లేపిచ్చుకున్న. నాలుగు కాళ్లు అతికి లేపిండు. మూడు దినాలు పెట్టుకున్న. నాలుగో దినం లారీ."

నా వేలు ఆమె చేతిలోనే ఉంది. లాక్కుందామనిపించింది, ఎందుకో.

"మా అన్న ఆ ఉంగరం తీస్కపోయి గద్వాలల ఆయన ముఖం మీద కొట్టిండు. 'నీ ఉంగరం మా చెల్లె వేలు తిన్నది' అని బజార్ల నిలబెట్టిండు. ఆయన ఉంగరం తీసి చూసుకొని, 'తప్పు నాదే' అన్నడంట. నాకు దవాఖానల చెప్పిరి. దినాం దవాఖానకు వచ్చి నన్ను చూసిపోతుండె ఆయన, అయినా నేను నోరు తెరవలే. తెరిస్తే మా అన్న నన్ను బతుకనిస్తుండెనా? పెండ్లికొడుకు తరఫోళ్లు ఒద్దని కబురు పంపిరి. నెల తిరగకముందే ఈయనొచ్చి నన్ను చేస్కుంట అన్నడు. ఎవ్వలు ఒప్పుకోలే. ఆయన ఇడువలే. నేను తలకాయ ఊపిన, దొంగ లెక్క."

ఆమె గొంతులో ఏడుపు లేదు. లెక్క తప్పిన దారపు చుట్టును విప్పి మళ్లీ వేసింది.

"దండుగ కడ్తుండు, పాపం అనుకున్న. చెయ్యని తప్పుకు నాయిన ఇంటికెల్లి ఎల్లగొట్టిచ్చుకున్నడు, కులమోళ్లు మాట్లాడకపోయిరి. అంతా నా మూలాన. వచ్చినోళ్లందరికీ 'నేను చేసిన ఉంగరమే' అని చెప్తుంటే, తెర ఎనక ఇని కాలిపోతుండె నాకు. ఎన్నిమార్లు చెప్దామనుకున్ననో. చెప్తే ఇడిచిపెట్టిపోతడని భయం. తప్పు తనది కాదని తెలిస్తే ఇగ నాతోటి ఏం పని ఆయనకు?"

దుకాణం బయట ఎవరో బండి ఆపి హారన్ కొడుతున్నారు. ఆమె తలెత్తలేదు.

"దవాఖానల మూడో దినం చెప్పిన. అంతా చెప్పిన. కండ్లు మూసుకొని ఇన్నడు. ఇని, 'తెల్సు' అన్నడు."

"తెల్సా?"

"'మీ అన్న కొట్టిన నాడే చూసిన. అతుకు నాది గాదు. జర ఆ పక్కకు మర్లెయ్యి, వీపు నొస్తుంది' అన్నడు. గంతే. మర్లేసిన. మల్ల ఆ మాట ఎత్తలే. ఎల్లుండికి పోయిండు."

కడుపులో బిడ్డ కదిలింది. గోడ మీది ఫొటో వైపు చూశాను. ఆ కళ్లు ఇంకా సూటిగానే చూస్తున్నాయి. ఆ చిన్న ఆకురాళ్లు, గోనెసంచి, ఉన్ని టోపీ, 'పట్టదు' అనే మాట, నా ఉంగరం మీది గీత చూసి వణికిన వేళ్లు... తప్పు చేసిన మనిషి పశ్చాత్తాపం అని ఆరేళ్లుగా నేను నమ్మినదంతా నా ముందే కూలిపోయింది. తప్పు చేయని మనిషి ఎవరి కోసం వణికినట్టు?

"ముప్పై ఐదేండ్లు" అంది ఆమె. ఇప్పుడు గొంతులో కోపం వచ్చింది, పచ్చి కోపం. "తెల్సి గూడ ఒక్క మాట చెప్పకపాయె. దినాం భయపడుకుంట బువ్వ పెట్టిన ఆయనకు. పక్కల పండుకున్న. ఇద్దరు బిడ్డల కన్న. 'నాకు తెల్సులేవే' అంటే ఏం పోతుండె? కొట్లాడదామంటె ఇప్పుడు మనిషి లేడు."

"నీ మీద మాట రావద్దని చెప్పలేదేమో" అన్నాను. నాకు తోచింది అదే.

"అన్న ముందల చెప్పకపోతే అర్థమున్నది. ఇంట్ల, నా ముందల?"

చుట్టడం అయింది. ఉంగరం కింది నుంచి వచ్చిన దారం కొస పట్టుకొని మెల్లగా విప్పసాగింది. ఒక్కొక్క చుట్టు విడుతుంటే ఉంగరం ఒక్కొక్క వెంట్రుకవాసి పైకి జరుగుతోంది. కణుపు దగ్గర ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. ఆమె ఆగలేదు. ఇంకో చుట్టు, ఇంకొకటి. ఉంగరం కణుపు దాటి, ఆమె అరచేతిలో పడింది. నా వేలు ఎర్రగా, నాది కానట్టు ఉంది.

ఆమె ఉంగరం వైపు చూడలేదు. నా ముఖంలోకి చూసింది. ఏదో తరుముకొచ్చినట్టు ఊపిరి ఎగపోస్తోంది.

"ఒకటి అడుగుత, చెప్పు. నువ్వు సదువుకున్నదానివి. తప్పు చేసిండు గనుక నన్ను చేస్కున్నడు అనుకున్న. తప్పు లేదని మొదటి దినమే తెల్సు గదా ఆయనకు. మల్ల ఎందుకు చేస్కున్నడు?"

ఆమె ఉంగరాన్ని పిడికిట్లో బిగించింది.

"దవాఖానకు ఎందుకొచ్చిండు? దినాం బస్సెక్కి ఎందుకొచ్చిండు గద్వాల నుంచి? నన్ను చూడనీకే వచ్చిండా?"

యాభై దాటిన మనిషి. నెత్తి సగం తెల్లబడింది. పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలా చెవుల దాకా ఎర్రబడింది ఆమె ముఖం. వెంటనే ఆ ముఖం భయపడింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, గోడకు జారగిలబడి అంది:

"ఇప్పుడు మొదటికెల్లి అంతా మల్ల యాదికి చేస్కోవాలె బిడ్డా."